లూయిసుదీవి నల్లయిండ్లు

స్కాట్లండుదేశమునకు వాయవ్యమున, అట్లాంటికు మహాసముద్రమున, బాహ్యహెబ్రిడీసు లనఁబరఁగు దీవులవరుస యొకటి కలదు. అందు మిక్కిలి పెద్దదాని యుత్తరభాగమునకు లూయిసని పేరు. ఆంధ్రదేశచరిత్రమునకై పాటుపడినవారికి ఈ దీవితో నొక సంబంధము కలదు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు వారి సాహాయ్యమున మన గ్రామముల కైఫీయతులను వ్రాయించి పోగుచేసిన కర్నలు కాలిను మెకంజీ యీ దీవియందలి స్టార్నొవే పట్టణమున 1754లో జన్మించినవాఁడు. ఆతఁడు 1783లో చెన్నపట్టణమునకు వచ్చి, 1815లో హిందూదేశమునకంతకును మొదటి సర్వేయరు జనరలై, 1821లో వంగదేశముననే మరణించెను. మన పల్లెల గుళ్లు, చెఱువులు, కోటలు ఎప్పటివని యూరూర నడిగించిన యా మహనీయుని జన్మభూమియందలి పల్లెయిండ్లనుగూర్చి మాత్రము అట్టి విచారణ ఆతని జీవితకాలమున జరుగలేదు. అటుపిమ్మట వానిని చూడవచ్చినవారు పెక్కండ్రు, చూచినంతమాత్రముననే అవి వేలయేండ్లనాఁటి యనాగరకదశయొక్క శేషములని నిర్ణయించిరి. ఆ నిర్ణయ మెంతవఱకు నిలుచునో పరిశీలించుటకు ముందుగా ఆ యింటి కట్టుబడిని దెలిసికొనవలయును.

లూయిసుదీవి నేల యంతయు గ్నైసు అను కఠినశిల. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ దీవిపేరే ఆ శిలకుఁ బెట్టి, దాని వయస్సును 300 కోట్ల సంవత్సరముల వఱకు లెక్కించిరి. మన కడపరాయి పొరలుపొరలుగా లేచును గనుక రాయలసీమ రైతునకు పలకలు సులువుగ దొరకును. గ్నైసు అట్లు లేవదు; ఉలికి లొంగదు. కాఁబట్టి యచ్చటి గృహస్థుఁడు రాతిని చెక్కఁడు. పొలము బాగుచేయునపుడు బయటఁబడిన గుండ్లనేఱి, ఏ గుండు ఏ సందున నిముడునో చూచి పేర్చును. సున్నపురాయి దుర్లభము. చెట్లు అంతకంటె దుర్లభము. సముద్రము ఒడ్డునఁ బడవేసిన కొయ్యయో, వెలయిచ్చి తెప్పించుకొన్న కొయ్యయో కప్పునకు గతి. ఇఁక గాలిమాట చెప్పనక్కఱలేదు. అట్లాంటికు సముద్రమునుండి వచ్చు పెనుగాలులకు ఆ దీవి పడమటితీరమున అడ్డమేమియు లేదు.

ఈ స్థితిలో వారు కట్టుకొన్న గోడ యొక్కటి కాదు, రెండు. లోపల నొకటి, వెలుపల నొకటి. రెండును సున్నము తగులని యొట్టిరాతికట్టు. నడుమనున్న యెడమును మట్టితోను, చిన్నరాళ్లతోను గూరుదురు. అన్నియు గలిసి గోడ వెడల్పు 4 మొదలు 6 అడుగులవఱకు నుండును. ఎత్తుమాత్రము తక్కువ, నిలువెత్తు మనుష్యుని తలకు మించదు. వెలుపలి మూలలు కోణముగాక గుండ్రముగ నుండును. గాలి యట్టి మూలను దాఁకి జాఱిపోవునుగాని పట్టుదొరకి రాతిని కదల్పఁజాలదు.

ఈ యింటిని చూచిన పరదేశులకు మిక్కిలి వింతయైనది కప్పు గోడపై గూర్చుండు తీరు. మన పూరిండ్లకు చూరు గోడను దాఁటి ముందునకు వచ్చును; వాననీరు గోడకు దూరముగఁ బడును. లూయిసునందు చూరే లేదు. వాసములు లోపలిగోడ తలపై నిలుచును. మట్టికూర్పును, వెలుపలిగోడయు కప్పునకు వెలిగా అరుగువలె మిగిలిపోవును. కప్పుమీఁద పడిన నీరంతయు నేరుగ గోడనడిమి మట్టిలోనికి దిగును. ఇది యజ్ఞానమని కొందఱు వ్రాసిరి. ఇంటిపైఁబడిన నీటిని గోడలోనికే మళ్లించుట తెలివితక్కువపని యని యెవరికైనఁ దోఁచును. కాని చూరు ముందునకు సాచిన పక్షమున గాలి దానిక్రింద దూఱి కప్పునే యెత్తివేయును. కాఁబట్టి చూరు విడిచిరి. నీరు మట్టిని తడుపఁగా నా తడిమట్టి రాతిసందుల నన్నిటిని మూసివేసి గాలిని రానీయదు. వెలుపలిరాళ్లు బయటికి ఒక్కింత వాలునట్లు పేర్పఁబడుటచే మిగిలిననీరు బయటికే కాఱిపోవును. లోపలిగోడ పొడిగా నుండును. చలిగాలిని నిలుపుటకు సున్నముచేయవలసిన పనిని ఆ యింట వానచేతనే చేయించిరన్నమాట. గోడతలపై పచ్చిక మొలచుచుండును. గొఱ్ఱెలు దానిపైకెక్కి మేయుటయు కలదు. కప్పు నేయుటకు మనుష్యులు ఎక్కవలసివచ్చునుగనుక వెలుపలిగోడనుండి కొన్నిరాళ్లను మెట్లుగా ముందునకు విడుచుటయుఁ గాననగును.

కప్పు మట్టిపెళ్లలమీఁద వఱచిన గడ్డి. దానిని వాసములకు గట్టరు. హెదరను గుబురుపొదతోఁ బేనిన త్రాళ్లను, తరువాతికాలమున కొబ్బరిపీఁచు త్రాళ్లను, పైనుండి యడ్డముగ వేసి, వాని కొసలకు బరువురాళ్లను గట్టి వ్రేలాడఁదీయుదురు. ఇట్లు కట్టక కప్పుటకుఁ గల కారణము ముందు దెలియును.

ఇల్లు పొడవు, ఇఱుకు. తఱుచుగ ఒకటే వాకిలి. మనుష్యులకును పసులకును అదియే దారి. నేల పల్లమైనవైపున పసులకొట్టము, మిట్టవైపున నివాసము, దానికావల పడకగది. పల్లమువైపు నీరు పోవునుగాన పేడనీరు మిట్టకు రాదు. చలికాలమంతయు పేడను కొట్టముననే పేరనిచ్చి, వసంతమున పొలమునకు దోలుదురు. కొన్నియిండ్లలో దీనికై చివరగోడను కొంత విప్పి మరలఁ గట్టుచుండిరి. ఒట్టిరాతిగోడ కాఁబట్టి యిది సాధ్యమైనది. వెనుకభాగమున ధాన్యపుకొట్టు ఇంటిగోడనంటియే యుండును. అందు వాకిటి కెదురుగ గోడలో నొకరంధ్రముంచి, ఆ రెంటినడుమ వీచు గాలికి ధాన్యమును దూర్పాఱఁబట్టుదురు.

నివాసభాగము నట్టనడుమ నేలమీఁద నెగడు. వంటచెఱకు లేదు, చిత్తడినేలలఁ ద్రవ్వి, ఇటుకలవలెఁ గోసి, యెండఁబెట్టిన పీటను గడ్డయే యింధనము. ఆ నిప్పును రాత్రి యార్పరు. గృహిణి నివురుఁగప్పి నిద్రించి, ఉదయమున మరల రాఁజేయును. నివురుఁగప్పునపుడు చెప్పు ప్రార్థనలను అలెగ్జాండరు కార్మైకేలు అను పండితుఁడు సేకరించి 1900లో ప్రకటించెను. పొగగొట్టము లేదు. పొగ గదియందే నిండి, మెల్లమెల్లగా గడ్డిగుండ వెలుపలికిఁబోవును. ఇది కన్నులకుఁ గీడు. వృద్ధురాండ్ర కన్నులు దీనిచేఁ జెడుననుమాట యసత్యముకాదు. అయినను పొగచే గడ్డికి పురుగుపట్టదు. మసి క్రమముగ గడ్డియందు పేరుకొనును. ఏఁడేఁట నా మసిగడ్డిని దీసి యుర్లగడ్డచేలకును యవలచేలకును ఎరువుగ వేయుదురు. కప్పును కట్టక త్రాళ్లతో నదిమియుంచుట యిందులకే. సులువుగ దీయవలయును, సులువుగ మరల వేయవలయును. పసులపేడ, కప్పుమసి యను రెండును బీదనేలను పండించుటకు వలయును. ఆ యిల్లు నివాసమేగాక ఎరువుతయారుచేయు కొట్టుకూడ. దీనిని మఱచి, మనుష్యుఁడు పసులతోఁ గలిసి పొగలో పడియుండెనని నిందించుట అర్ధసత్యము.

ఇఁక పేరు. స్కాట్లండు గేలికుభాషలో ఈ యింటికి నల్లయిల్లను అర్థమిచ్చు పదమే వాడుక. గృహవాచకము వ్రాఁతలో నెట్లున్నను వినికిడికి 'థయ్' అని యుండును. కృష్ణవాచకము 'తూ' అని యుండును. ఈ రెంటిని గలుపఁగా నల్లయిల్లగును. అదేభాషలో గడ్డికప్పునకు వేఱొకపదము కలదు. దానికి షష్ఠి 'థూయి' అని వినఁబడును. కాఁబట్టి యీపేరు మొదట గడ్డికప్పుటిల్లనియే యుండఁగా పొరపాటున నల్లయిల్లుగా మాఱెనని కొందఱు విద్వాంసుల యూహ. ఇది వినసొంపుగ నున్నది. కాని యా రెండుపదముల భేద మెట్టిదో చూడవలయును. గేలికుభాషలో వ్రాఁతయందలి తకార దకారములకు ఉచ్చారణలోఁగల ప్రధానభేదము శ్వాసనాదములది కాదు, అల్పప్రాణమహాప్రాణములది. మనకు త, థ లెట్లు వేఱో వారికి నా రెండును అట్లే వేఱు. అల్పప్రాణమహాప్రాణములను అర్థభేదకములుగ నెఱుఁగని యాంగ్లేయుని చెవికి రెండును ఒకటిగఁ దోఁచుట సహజము. పుట్టినది మొదలు ఆ భాష మాటాడువాఁడు తన యింటిపేరునే పొరపడుట సహజముకాదు. కాఁబట్టి యీ యూహను బలవత్తరమైన ప్రమాణము లేక గ్రహింపరాదు.

మఱి నల్లన యను విశేషణమేల? మసిచేత నని చెప్పుదురు. మసి నిజమే. కాని విశేషణమునకు సార్థకత ఎపుడు గలుగునో శాబ్దికు లెఱుఁగుదురు. విశేష్యమునందు ఆ గుణము సంభవింపవలయును. ఆ గుణములేని విశేష్యమును ఉండవలయును. ఊరనున్న యిండ్లన్నియు మసిపట్టినవే యైనపుడు నల్లయిల్లని చెప్పుటకు ప్రయోజనములేదు, ఇల్లన్నఁ జాలును. మనదేశమున సీమపెంకు వచ్చువఱకు పెంకనిన పెంకే. అది వచ్చినపిమ్మటనే పాతదానికి నాటుపెంకను పేరుగలిగెను. లూయిసునందును ఇట్లే జరిగెను. 19వ శతాబ్ది నడుమ సున్నముతోఁ గట్టిన ఒంటిగోడయు, ఇరుప్రక్కల పొగగొట్టములును గల క్రొత్తయిండ్లు వచ్చి, తెల్లయిండ్లని పిలువఁబడెను. అప్పుడే పాతవానికి నల్లయిండ్లను పేరు కుదిరెను. ఇల్లు పూర్వపుదే, పేరుమాత్రము దాని ప్రతియోగితోఁగూడఁ బుట్టినది. అట్టిపేరున నొకవిధమైన చిన్నచూపుకూడ నిమిడియుండెను. పేరును చూచి వస్తువు వయస్సు నిర్ణయించువారు ఇందు రెండువిధములఁ బొరపడిరి.

ప్రసంగవశమున నొకమాట. గేలికునందలి గృహవాచకమును, గడ్డికప్పు వాచకమును ఒకేమూలమునుండి వచ్చినవనియు, ఆవరించుట దానియర్థమనియు, ఆంగ్లమున పూరికప్పును దెలుపు 'థాచ్' అను పదమును, లాటిను భాషయందలి 'తెక్తుం' అను కప్పువాచకమును తత్సోదరములేయనియు భాషాతత్త్వజ్ఞులు చెప్పుదురు. సంవరణార్థకమగు మన స్థగధాతువును దానితోనే చేర్చుదురు. అనఁగా ఆ భాషలోఁ గప్పఁబడినదే యిల్లు. గోడ కాదు ప్రధానము. దీనికి లోకవృత్తమునందును ఉపపత్తి కలదు. లూయిసు కౌలుదారునకు రాళ్లు ఎక్కడనైన దొరకును, దూలములు దొరకవు. కాఁబట్టి యొకచోటు విడిచి మఱియొకచోటికిఁ బోవునపుడు గోడలనువిడిచి దూలములను మోసికొనిపోవుచుండెను. కప్పు పోయినచో నిల్లు పోయినట్లే.

ప్రాచీనతావాదమునకు ప్రధానాధారము ఆకృతిసామ్యము. లూయిసు పడమటితీరమున కార్లొవేకోట యను గుండ్రని యొట్టిరాతికట్టడము కలదు, రెండువేలయేండ్లనాఁటిది. దానికిని జంటగోడలే. అందుచేత నల్లయిల్లు ఆ కోటకు మనుమఁడని కొందఱు తలఁచిరి. కాని కోటగోడల నడిమిభాగము బోలు. అందు నడవలును మెట్లును ఉన్నవి. నల్లయింటిగోడ నడుమ మట్టితో నిండియున్నది. ఒకటి మీఁదికెక్కుటకు, వేఱొకటి గాలిని నిలుపుటకు. ప్రయోజనభేదముండఁగా ఆకారసామ్యమాత్రమున వంశక్రమము గల్పించుట, ధ్వనిసామ్యమాత్రమున వ్యుత్పత్తి చెప్పుటవంటిది. రాయితప్ప వేఱేమియులేనిచోట వేయేండ్ల యెడముగల యిరువురు ఒకే యుపాయమును తమంతఁ గనుగొనవచ్చును. ఒట్టిరాతిగోడలును, నడుమ నెగడును గల గుడిసెలు ఆ దీవికే ప్రత్యేకములుగావు. 1773లో స్కాట్లండు కొండసీమలఁ దిరిగిన సామ్యుయేలు జాన్సను నెస్సుసరస్సు దరిని అట్టి గుడిసెను జూచి వర్ణించెను. వాననీరు నిప్పునార్పకుండ పొగరంధ్రమును నెగడునకు సరిగా పైనఁగాక ప్రక్కగ నుంచిరని యాతఁడు గుర్తించుట మెచ్చఁదగినది. ఆతఁడు లూయిసునకుఁ బోలేదు.

లూయిసుదీవి యిండ్లను కొలిచి పటములువ్రాసిన కీర్తి నౌకాసేనలో సముద్రతీరములను సర్వేచేసిన కాప్తాను థామసునకుఁ జెందును. ఆతని వ్యాసములు 1860 తరువాతి దశకమున స్కాట్లండు పురాతత్త్వసంఘమువారి పత్రికయందు వెలువడెను. ఆ కాలముననే ఆర్థరు మిచ్చెలు అను వైద్యుఁడు అచ్చట సంచరించి, 'గతకాలము వర్తమానమున' అను నర్థముగల పేరిట 1880లో నొకగ్రంథము ప్రకటించెను. బార్వసుగ్రామమున స్త్రీలు సారెలేక చేతితోనే కుండలు చేయుట ఆతఁడు కన్నులారఁ జూచెను. ఆ కుండ మట్టిలోఁ బూడ్పఁబడి తరువాత దొరకినయెడల చరిత్రపూర్వయుగపుదని యెవ్వరైనఁ జెప్పుదురు. చేసిన స్త్రీ బ్రదికియేయున్నది. మోటుతనము ప్రాచీనతకు గుఱుతు గాదని యాతని సిద్ధాంతము. ఇది యిండ్లకును వర్తించును. నేఁడు లూయిసున నిలిచియున్న నల్లయిండ్లలో హెచ్చుభాగము 19వ శతాబ్దివి. బార్వసునకు సమీపముననే యున్న ఆర్నాలుగ్రామమందలి 42వ సంఖ్యగల యిల్లు వానిలో మిగుల ప్రసిద్ధమైనది. అదియు నా శతాబ్ది యుత్తరార్ధముననే కట్టఁబడెను. చూపునకు వేయేండ్లదానివలె నుండు ఆ గోడలు లేచుచున్న కాలమున మనదేశమున రైలుబండ్లు నడచుచునే యుండెను.

అట్లయిన, అంత యిటీవలికాలమునను అట్టి యిండ్లనే యేల కట్టుచుండిరి? శీతోష్ణములును, రాయియు, ఎరువును పైనఁ జెప్పఁబడినవి. మిగిలినకారణము భూమిహక్కునకు సంబంధించినది. 1844లో ఈ దీవినంతను జేమ్సు మేథెసను కొనెను. జార్డైను మేథెసను కంపెనీ భాగస్వామియై, హిందూదేశపు నల్లమందును చీనాకుఁ జేర్చు వర్తకమున గొప్పధనము గడించిన వాఁడీతఁడే. ఇండ్లు బాగుపడవలయునని యీ జమీందారీవారు నిబంధనలు చేసిరి: పసులకొట్టము వేఱుగ నుండవలయును, కప్పుగడ్డిని ఎరువునకై తీయరాదు. ఉద్దేశము మంచిదే. కాని కౌలుదారులు యథేచ్ఛముగఁ దొలఁగింపఁదగినవారు. సున్నపుగోడ కట్టించిన యిల్లు తనదిగాక, ఏఁడాదికే వెడలవలసివచ్చునేమో యను భయముగలవాఁడు సొమ్ము గోడలలోఁ బెట్టునా? రాళ్లను విడిచి దూలములను దీసికొనిపోవ వీలైన యిల్లే వానికిఁ దగినయిల్లు. మసిగడ్డిని దీయరాదన్నచో చేనికి ఎరువేదియో నిబంధనలు చెప్పలేదు.

ఈ సంగతులు వెల్లడియగుటకు కారకుఁడు మనకు తెలిసినవాఁడే. 1866 మొదలు 1872 వఱకు చెన్నపురి రాజధానికి గవర్నరుగ నుండి, వచ్చినతోడనే గంజాము మండలపు కఱవును ఎదుర్కొని, ఈదేశపు కట్టడములకు ఈదేశపు శైలియే తగునని వాదించిన నేపియరు ప్రభువు, 1883లో స్కాట్లండు కొండసీమలందును దీవులందును గల చిన్నకౌలుదారుల స్థితిని విచారించు రాజసంఘమున కధ్యక్షుఁడయ్యెను. సంఘమువారు లూయిసునకును వచ్చి రైతులనే పిలిచి యడిగిరి. గేలికుమాత్రమే వచ్చినవారిని దుబాసీలద్వారా విచారించిరి. 1884లో నివేదికతోఁగూడ 40,000కు పైఁబడిన ప్రశ్నోత్తరములు అచ్చుపడెను. మెకంజీ మన గ్రామములయెడఁ జేయించినపని యాతని దీవిలో నప్పటికిఁ గొంత జరిగినదనవచ్చును; భేదమేమనఁగా, మన కైఫీయతులలో తఱుచు కరణములు చెప్పిరి, అచ్చట దున్నువారే చెప్పిరి. ఇల్లు బాగుచేసినకొలఁది పన్ను పెరుగును, హక్కుమాత్రము కలుగదు అనునది ఆ కౌలుదారుల మొఱలలో ముఖ్యమైనది. 1886లో వచ్చిన శాసనము వారికి తొలఁగింపరాని హక్కును, న్యాయమగు పన్నును, చేసిన బాగులకు పరిహారమును గలిగించెను. పిమ్మట క్రమముగఁ దెల్లయిండ్లు హెచ్చెను.

శాసనమే సర్వకారణమనుటయు సరిగాదు. హక్కు స్థిరపడినతరువాతను పెక్కుకుటుంబములు నల్లయిండ్లను విడువలేదు. ఒంటిగోడయిల్లు చలికి నిలువదు, తేమకు లోనగును, ప్రక్కగోడనున్న పొయ్యి గదినంతను వెచ్చచేయదు, పసులవేడిమియు నందుండదు. ఆర్నాలు 42వ యింట 1960 తరువాతి దశకము నడిమివఱకు జనులు కాపురముండిరి. దాని కెదురుగ 39వ సంఖ్యగల తెల్లయిల్లు 1920 తరువాత కట్టినది. రెంటిని ప్రక్కప్రక్కనే చూడవచ్చును. పడమటితీరమందే గ్యారనను గ్రామమునుండి తుదికాపురస్థులు 1974లో వెడలిపోయిరి. ఆ యిండ్లను తరువాత స్థానికసంఘమువారు బాగుచేసి బాటసారులకు విడిదులుగఁ జేసిరి.

ఆర్నాలు యిల్లు ప్రభుత్వమువారి పరిరక్షణకు వచ్చినపిమ్మట పసులకొట్టము, పడకపెట్టెలు, నెగడు అన్నియు ఉన్నవి యున్నట్లే యుంచిరి. కాపురస్థులు లేరుగదా యని నెగడును విడువరాదయ్యెను. పొగతగులని గడ్డికప్పు ఆ వానలకు త్వరగాఁ గ్రుళ్లును. అందుచే నింటిని కాచువారు పీటను గడ్డలు తెచ్చి, నట్టింట నేలమీఁద నిప్పు రాఁజేయుచు వచ్చిరి.